మీ తాతకి చేప పడకూడదనుకున్న రోజు

ముందే చెప్పేస్తున్నాను, రాసుకో. ఆ రోజు నేను దేవుణ్ణి కోరుకున్నది ఒక్కటే. మీ తాతకి చేప పడకూడదు. పెద్దది సరికదా, పిత్తపరిగె కూడా పడకూడదు. అలా నవ్వకే, నవ్వితే నీ చేతిరాత వంకర పోతుంది, తర్వాత నువ్వే చదవలేవు.

అరవైల ఆఖర్లో మాట. మీ తాత నౌపడ స్టేషన్లో బుకింగ్ క్లర్కు. మాకు పెళ్ళయి రెండేళ్ళు. ఇంట్లో ఇద్దరమే. ఆయన డ్యూటీకి వెళ్ళిపోతే నేను కిటికీ దగ్గర కూర్చుని, ఎదురుగా ఉప్పు మళ్ళలో పోసిన ఉప్పు గుట్టలు చూసేదాన్ని. ఉప్పుని ఎంతసేపని చూస్తావు చెప్పు? అది కదలదు, మెదలదు. నేను ఎస్సెల్సీ ప్యాసయినదాన్ని. మా ఊళ్ళో ఆడపిల్లల్లో నేనే మొదటిదాన్ని. అందుకని విజయనగరంలో టీచర్ ట్రైనింగ్‌కి ఫారం తెప్పించుకున్నాను. ముత్యాల్లాంటి అక్షరాలతో నింపాను. ఇక భర్త సంతకం ఒక్కటే తక్కువ. హాస్టల్లో ఉండాలంటే అది ఉండి తీరాలట.

మీ తాత పొద్దున్న లేస్తే టికెట్ల మీద టకటకా తేదీలు గుద్దే మనిషి. నా ఫారం దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి నొప్పి. "రేపు సూద్దాంలే" అనేవాడు. ఆ రేపు మూడు వారాలు సాగింది. నేను లేనప్పుడు అన్నం ఎవరు వండుతారన్నది ఆయన బాధ. ఆ మాట పైకి అనలేడు. నాకు తెలీదా? ఫారం సోమవారానికి ఆఫీసులో అందాలి. శనివారం దాకా సంతకం లేదు.

ఆ శనివారం మా పుట్టింటికి బయల్దేరాం. పూసపాటిరేగ దాటి సముద్రం వైపు పోతే వస్తుంది మా ఊరు. మా వాళ్ళు వరీ వేరుశనగా పండించుకునే రైతులే గానీ, పొలం గట్టెక్కితే సముద్రం కనిపిస్తుంది. మీ తాత చేతిలో బట్టల సంచీ లేదు. అది నేను మోస్తున్నాను. ఆయన చేతిలో దుప్పట్లో చుట్టిన ఒక పొడుగాటి కర్ర. ఆయనతో పనిచేసిన పాత గార్డు ఒకాయన రిటైరై విదేశం పోతూ ఇచ్చిపోయిన గాలం కర్ర అది. దానికి ఒక చక్రం, చక్రానికి నైలాను దారం. దాంతోపాటు మూడు మెరిసే రేకులు కూడా ఇచ్చాడు. ఒక్కో రేకు చెంచా తలకాయలా వంపు తిరిగి ఉంటుంది, తోక దగ్గర మూడు కొక్కేల గాలం.

రైల్లో ఆ రేకు తీసి అందరికీ చూపించడమే పని. నేను అడిగాను.

"దీనికి ఎర ఏటి పెడతారు?"

"ఎర అక్కర్నేదే. ఈ రేకు నీళ్ళలో తళతళా పోతంటే సిన్న సేప పోతన్నాదనుకుని పెద్ద సేప మింగేస్తాది."

"సేపలు మరీ అంత తెలివితక్కువవేటి?"

"నా రైల్వే కోటు సూసి మీ నాన్న నిన్నిచ్చీసినాడు కాదా? ఇదీ అంతే."

అప్పుడే చీపురుపల్లిలో బండి ఆగింది. నాకు ఒళ్ళు మండింది. "అయితే పందెం" అన్నాను. రేపు పొద్దుగుంకే లోపల ఆ రేకుతో ఆయన ఒక్క చేప పట్టినా నేను ట్రైనింగ్ మాట ఈ జన్మలో ఎత్తను. పట్టకపోతే నోరు మూసుకుని సంతకం పెట్టాలి. మీ తాత చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు. అంతమంది ముందు వెనక్కి తగ్గడానికి రైల్వే కోటు ఒప్పుకోదు కదా. "సరే, పందెం" అన్నాడు. నాకైతే సంతకం అప్పుడే పడిపోయినంత ధీమా. చెంచాకి చేప పడుతుందా ఎక్కడైనా?

ఇప్పుడు మా అమ్మ సంగతి చెప్పాలి. మా వైపు ఆ రోజుల్లో అత్త అల్లుడి ఎదటపడదు, అల్లుడితో మాట్లాడదు. ఏం చెప్పాలన్నా నాతో చెప్పాలి, నేను చెప్పాలి. నేను పక్కన లేకపోతే తలుపుతో చెప్పేది. "అన్నం సల్లారిపోతన్నాదని సెప్పవే తలుపా" అని. తలుపు చెప్పేది కాదు గానీ మీ తాత లేచి కాళ్ళు కడుక్కునేవాడు. రెండేళ్ళలో ఆయన మా అమ్మ మొహం సరిగ్గా చూసి ఎరగడు. కాళ్ళ మట్టెలు చూసి అత్తగారని పోల్చుకునేవాడు.

ఆదివారం పొద్దున్నే మీ తాత ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, కర్ర భుజాన వేసుకుని రాళ్ళ దగ్గరికి బయల్దేరాడు. మా ఊరి పక్కన ఇసక ఆగిపోయి నల్లటి బండలు సముద్రంలోకి చొచ్చుకుపోతాయి. మా నాన్న వేరుశనగ చేలోకి పోయాడు. అల్లుడు ఆకలితో ఉండకూడదని మా అమ్మ అన్నం గంప నెత్తిన పెట్టుకుని నా వెనకే వచ్చింది. వచ్చి, ఏనుగంత బండ ఒకటుంటే దాని వెనక ముసుగేసుకుని కూర్చుంది. ఇటు బండ వెనక మా అమ్మ, అటు బండల కొసన మీ తాత, మధ్యలో నేను. ఎవరి మాట ఎవరికి చేరాలన్నా నా నోటి మీదుగానే చేరాలి.

మొదటి విసురుకి రేకు సముద్రంలోకి పోలేదు. వెనక్కి వచ్చి ఆయన చొక్కా కాలరుకే తగులుకుంది. నేను వెళ్ళి విప్పాను. రెండో విసురుకి టోపీ పోయింది. అలల మీద తేలుతూ హాయిగా పోయింది టోపీ, దానికే డ్యూటీ లేనట్టు. తర్వాత విసరడం కుదిరింది గానీ, రేకు రాళ్ళ సందులో ఇరుక్కుంది. లాగాడు, తెగింది. రెండో రేకు కట్టాడు. అదీ ఇరుక్కుంది, అదీ తెగింది. ఇక మిగిలింది ఒక్కటి. నేను లోపల లోపల దండాలు పెట్టుకుంటున్నాను.

అక్కడే ఒక ముసలి జాలరాయన కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. పొద్దున్నుంచీ చూస్తున్నాడు. చివరికి ఉండబట్టలేక అడిగాడు.

"బాబూ, ఆ సెంచాలతోటి ఏటి సేస్తన్నారు?"

"సేపలు పడతన్నాను తాతా."

"ఓహో. నాను సముద్రానికి పప్పన్నం తినిపిస్తన్నారేటో అనుకున్నాను."

మీ తాత విననట్టు నటించాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

మధ్యాహ్నం అన్నాలు తిన్నాం. ఆయన కొసన, మేం బండ వెనక. అప్పటిదాకా మా అమ్మ ఓర్చుకుంది. తిన్నాక ఇక ఆగలేకపోయింది. నీకు తెలీదు కదూ, మా అమ్మ పుట్టింది పక్కనున్న సముద్రపు ఊళ్ళోనే. చిన్నప్పుడు జాలర్ల పిల్లలతో కలిసి ఇవే రాళ్ళ మీద తిరిగింది. వాళ్ళు తెల్లకోడి మెడ ఈకలు గాలానికి కట్టి, ఎర లేకుండానే చేపల్ని మోసం చేసేవాళ్ళట. అంటే మీ తాత రేకు విద్యే, కాకపోతే కోడిది. పెళ్ళయి రైతుల ఇంటికి వచ్చాక ఆ ఊసే ఎత్తలేదు మహాతల్లి. నాకే ఆ రోజు దాకా తెలీదు. తెలిసుంటే పందెం కాసేదాన్నా?

"ఒసే, పోయి సెప్పు" అంది మా అమ్మ. "నీళ్ళు ఊరికే ఉన్న కాడ ఇసిరితే ఏటొస్తాది? ఎడమేపు ఆ రెండు రాళ్ళ మద్దిని నురగ గిర్రున తిరుగుతన్నాది సూడు, అక్కడ ఇసరమను. ఇసిరి బేగి బేగి లాగమను. రేకు మునిగితే రాయి పట్టేస్తాది."

ఇది మామూలు సలహా కాదు, నా ఫారం మీద నిప్పు. లేచాను. మీ తాత దగ్గరికి వెళ్ళాను. చాలా వినయంగా చెప్పాను.

"అమ్మ సెప్పమన్నాది. కుడేపు నీళ్ళు పచ్చగా కదలకుండా ఉన్నాయి కదా, అక్కడ ఇసరాలంట. నెమ్మదిగా లాగాలంట."

మీ తాత పొంగిపోయాడు. "అత్తకి ఇయన్నీ తెలుసేటి? నా దండాలు సెప్పు" అన్నాడు. కుడివైపు విసిరాడు. నెమ్మదిగా, ఊయల ఊపినట్టు లాగాడు. ఏముంటుంది అక్కడ? నాచు వచ్చింది.

మా అమ్మ బండ వెనకనుంచి తల బయటపెట్టి చూసి, "అదేటే, కుడేపు ఇసురుతున్నాడు? సెప్పినావా?" అంది.

"సెప్పినానే. ఆడాలు సెప్తే నానేటి ఇనీదన్నారు."

"అన్నాడా?" మా అమ్మ ముక్కు పుటాలు అదిరాయి. "సరే. ఇంకోపాలి సెప్పు. సేప ఉన్న కాడ మొగాడు ఇసిరినా ఆడది ఇసిరినా ఒకటేనని సెప్పు."

నేను మళ్ళీ వెళ్ళాను. "ఎండలో మీ మొకం నల్లబడిపోతన్నాదని అమ్మ బెంగెట్టుకున్నాది" అన్నాను. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. నిజమే చెబుతున్నాను. "మా అమ్మ కూడా నాకోసం ఇంత బెంగెట్టుకోనేదే" అన్నాడు. కాస్త సిగ్గేసింది నాకు. ఎక్కువ కాదు, కాస్తే. ఉప్పు గుట్టలు గుర్తు తెచ్చుకున్నాను, సిగ్గు పోయింది.

అలా మధ్యాహ్నమంతా నడిపించాను. అటు మర్యాదలు మోశాను, ఇటు తిట్లు మోశాను. ఏ మాటా ఉన్నది ఉన్నట్టు చేర్చలేదు. ఇటు మా అమ్మకి అల్లుడంటే ఒళ్ళు మండిపోతోంది. అటు ఆయనకి అత్తంటే దేవత. ఇద్దరి మధ్యా అటూ ఇటూ బండలెక్కి దిగి నా కాళ్ళు పుండ్లు పడ్డాయి గానీ, పొద్దు మాత్రం నా వైపే వాలుతోంది. మా వెనక తాటిచెట్ల మీదకి దిగిపోయాడు సూర్యుడు. ఇంకొక్క గంట.

అప్పుడు పోటు మొదలైంది. నీళ్ళు బండల మీదకి ఎక్కుతున్నాయి. ఎడమవైపు నురగ దగ్గర చిన్న చేపలు పిడికెడు పేలాలు చల్లినట్టు పైకి ఎగిరాయి. కింద పెద్దదేదో తరుముతోందన్నమాట. మా అమ్మ లేచి నిలబడింది.

"ఒసే, పరిగెట్టు! ఇప్పుడే, అక్కడే ఇసరమను! పార వొచ్చినాది!"

పార అంటే పళ్ళెంలా వెడల్పుగా, వెండిలా మెరిసే చేప. పరిగెత్తాను. పరిగెత్తి మీ తాతతో అన్నాను కదా, "అమ్మ సెప్తన్నాది, ఇయాళ్టికి ఇంక సేపలు రావంట, కర్ర సుట్టీమంటన్నాది."

అంతవరకూ హోరుమన్న గాలి సరిగ్గా అప్పుడే పడిపోయింది. నా మాట స్పష్టంగా బండ వెనకకి వినబడింది.

ముందు మట్టెల చప్పుడు వినిపించింది. తర్వాత మా అమ్మ కనిపించింది. నెత్తిన ముసుగు లేదు. చీర మోకాళ్ళ పైకి దోపి, బండ మీంచి బండ మీదకి దూకుతూ వస్తోంది. అరవై ఏళ్ళ మనిషంటే నమ్మవు.

"దొంగమొకందానా! నానేటి సెప్పినాను, నువ్వేటి సెప్తన్నావు?" అని నా వీపు మీద ఒకటి ఇచ్చింది. అక్కణ్ణుంచి తిన్నగా మీ తాత వైపు తిరిగింది. రెండేళ్ళలో అల్లుడితో నేరుగా మాట్లాడిన మొదటి మాట, రాసుకో, "ఒరే ఎర్రోడా, అటు సూస్తావేటి? ఇటు ఇసరు!"

మీ తాత నోరు తెరుచుకుని ఆవిడ మొహం చూస్తున్నాడు. "మొకం తరవాత సూద్దువు గానీ, ఇసరరా!" అంది. విసిరాడు. సరిగ్గా నురగలో పడింది రేకు. "బేగి లాగు, బేగి, బేగి!" లాగాడు. కర్ర విల్లులా వంగిపోయింది. చక్రం కీచుమని అరిచింది. మీ తాత జారి, చేపతో పాటు తనూ సముద్రంలోకి పోబోయాడు.

మా అమ్మ ఆయన బెల్టు పట్టుకుంది. అల్లుడి నీడ తొక్కని మనిషి, రెండు చేతులతో బెల్టు పట్టుకుని వెనక్కి వాలింది.

"దారం వొదులు! పోనీ దాన్ని. ఇప్పుడు లాగు. లాగుతున్నావా, పిసుకుతున్నావా?"

"లాగుతున్నాను అత్తా!"

"అత్తా లేదు గిత్తా లేదు, లాగు!"

ముసలాయన వల పక్కన పడేసి, పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. నేను ఏం చెయ్యాలో తెలీక నిలబడ్డాను. దారం తెగాలని మొక్కుకోవాలా, మొగుడు మునగకూడదని మొక్కుకోవాలా? రెండూ ఒకేసారి మొక్కుకున్నాను. దేవుడికి ఒకటే వినబడింది. అల ఒకటి వచ్చి చేపని బండ మీదకి తోసింది. మా అమ్మ దాని మొప్పల్లో వేళ్ళు దూర్చి ఎత్తింది. చంటిపిల్లంత పార. తాటిచెట్ల మీద ఇంకా ఒక వేలెడు పొద్దు ఉంది.

నేను ఓడిపోయాను.

మీ తాత ఆయాసపడుతూ నా వైపు చూసి, "ఏటే, ఆ ఫారం ఇంక పొయ్యిలో ఎట్టేయొచ్చా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను మాత్రం బండ మీద కూలబడ్డాను.

"ఏ ఫారం?" అంది మా అమ్మ.

ఏడుస్తూ మొత్తం చెప్పాను. ట్రైనింగు, సంతకం, మూడు వారాల రేపు, రైల్లో పందెం. మధ్యాహ్నం నుంచీ నేను మార్చిన మాటలన్నీ కూడా చెప్పేశాను, ఇక దాచి ఏం లాభం అని. బెంగ మాట అబద్ధమని తెలిసి మీ తాత మొహం చిన్నబోయింది. మా అమ్మ అంతా విని ముందు నాతో అంది. "మొగుడికి అబద్దం సెప్పు, నానేటీ అనను. సేపలెక్కడున్నాయో అబద్దం సెప్తావా? సిగ్గునేదే నీకు?"

తర్వాత చేపని గంపలో పెట్టింది. పెట్టి, తిరిగి నీళ్ళ వైపు నడిచింది. బండల కొసన, అలలు తాకే చోట మఠం వేసుకుని కూర్చుంది. మూతి ముడుచుకుంది.

"అమ్మా, పోటెక్కుతున్నాది, రా!" అన్నాను.

"రాను. నానలిగినాను."

మీ తాత అయోమయంగా నన్ను చూశాడు. మా అమ్మ ఇప్పుడు ఏ తలుపుతోనూ చెప్పలేదు, ఆయనతోనే చెప్పింది.

"పెళ్ళిలో నువ్వు అలక పాన్పు ఎక్కనేదా బాబూ? సేతిగడియారం ఇస్తే గానీ దిగనని మంచం మీదే కూకున్నావు. మద్దేనం బోయినం కూడా అక్కడికే తెప్పించుకున్నావు. మావు తెచ్చిచ్చినామా నేదా?"

"ఇచ్చినారు."

"ఇప్పుడు నానలిగినాను. నా కూతురు కాయితం మీద సంతకం ఎడితే దిగుతాను."

"అల్లుళ్ళు అలుగుతారు గానీ అత్తలు అలుగుతారేటి? ఏ ఊళ్ళో ఉన్నాదిది?"

"ఇప్పటి నుంచి ఈ ఊళ్ళో ఉన్నాది."

ఒక అల వచ్చి ఆవిడ పాదాలు తడిపింది. కదల్లేదు. మీ తాత ముసలాయన వైపు తిరిగి, "నువ్వైనా సెప్పు తాతా" అని బతిమాలాడు. ఆయన వల సర్దుకుంటూ తాపీగా అన్నాడు. "నానేటి సెప్తాను బాబూ. సేప పట్టిచ్చిన మడిసికి వాటా ఇయ్యడం మా కాడ ఆచారం. పోతే, ఆ రాయి మీదకి పోటులో నడుం లోతు వస్తాది."

ఇంకో అల నడుం దాకా తడిపింది. మా అమ్మ ముడి విప్పుకుని జుట్టు ఆరబెట్టుకుంటున్నట్టు కూర్చుంది. మీ తాతకి చెమటలు పట్టాయి. అత్తని సముద్రంలో వదిలేసి వచ్చిన అల్లుడని పేరొస్తే రైల్వేలో ఎక్కడికి బదిలీ అయినా ఆ పేరు ముందే చేరిపోతుంది.

"ఫారం ఇంటి కాడున్నాది, పోయి ఎట్టేస్తాను, దిగత్తా!"

"ఇంటి కాడ నేదండీ" అన్నాను. సాయంత్రం గెలవగానే సంతకం పెట్టించుకుందామని, బిస్కెట్ల పొట్లానికి వచ్చిన మైనపు కాగితంలో దాన్ని చుట్టి జాకెట్లో పెట్టుకునే వచ్చాను. తీసి ఇచ్చాను. బుకింగ్ క్లర్కు జేబులో పెన్ను ఎలాగూ ఉంటుంది. ఎక్కడ పెట్టి రాయాలి? బండలన్నీ తడి, గరుకు. గంపలో చేప ఒక్కటే నున్నగా, వెడల్పుగా ఉంది. చేప మీద ఫారం పరిచి, మీ తాత సంతకం పెట్టాడు. చేప చివరిసారిగా కదిలింది, అందుకని ఆఖరి అక్షరం కాస్త పైకి లేచింది.

మా అమ్మకి సంతకం చదవడం రాదు. ఫారం అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఈ బాబు పేరేనా?" అని ముసలాయన్ని అడిగింది. ఆయనకీ చదువు రాదు. "అలాగే ఉన్నాది" అన్నాడు ఠీవిగా. అప్పుడు దిగింది.

ఆ పూట పులుసులో తలకాయ ముక్క అల్లుడికి వేసింది, స్వయంగా, ఎదురుగా నిలబడి. నాకు తోక వేసింది. ముసుగు మళ్ళీ వేసుకోలేదు. ఆ తర్వాత మా అమ్మ పోయేదాకా అల్లుడితో నేరుగానే మాట్లాడింది. ఆయన సిగరెట్ల గురించి, నడక గురించి, జుట్టు గురించి. తలుపుతో మాట్లాడిన రోజులే బాగుండేవని మీ తాత చాలాసార్లు నా దగ్గర వాపోయాడు.

సోమవారం పొద్దున్నే విజయనగరం బస్సెక్కి ట్రైనింగ్ ఆఫీసుకి వెళ్ళాను. గుమస్తా ఫారం వెనక్కి తిప్పి, అంటుకున్న పొలుసు గీకి, వాసన చూశాడు.

"ఇదేటమ్మా, మీ ఆయనది సేపల యాపారమా?"

"కాదండీ, రైల్వే" అన్నాను.

ముక్కు మూసుకుని ముద్ర కొట్టాడు.